పేరు చెబితేనే తలుపు

చెంబు మెట్లెక్కలేక నిలబడిపోయింది. మెట్లకి అడ్డంగా ఒక గుమ్మడికాయ పడుకుని గురక పెడుతోంది. దాన్ని దాటి ఎగురుదామంటే చెంబుకి పాదాలు మరీ చిన్నవి, పైగా మూత లేదు. ఎగిరితే లోపలి నీళ్ళు ఒలికిపోతాయి. ఆ పోయిన మూత కోసమే అది ఇల్లంతా గది గదీ వెతుక్కుంటూ తిరుగుతోంది.

భ్రమరాంబ ట్యాబ్ మీదికి వంగి, నుదుటికి కట్టిన పట్టీని ఎడమచేత్తో సర్దుకుంది.

“గు... గుమ్...” అంది. “కాదు. కూర. పెద్దది. దిష్టి.”

“దిష్టికి కట్టేదే అత్తయ్యా. దాని పేరేవిటి?” అంది సునంద.

భ్రమరాంబ కళ్ళు మూసుకుంది. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి. “గుమ్మడి. గుమ్మడికాయ.”

తెర మీద గుమ్మడికాయ ఒక కన్ను తెరిచింది. “వింటూనే ఉన్నానమ్మా, అంత గట్టిగా అరవాలా” అని సణుక్కుంటూ దొర్లుకుంటూ పక్కకి తప్పుకుంది. చెంబు మెట్లెక్కింది. భ్రమరాంబ పక్కకి లాగేసిన మూతితోనే నవ్వింది.

“నీకంటే దానికే పొగరెక్కువున్నట్టుందే” అన్నాడు వెనక నించున్న సోమశేఖరం. కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భార్యకి పక్షవాతం వచ్చినప్పట్నించీ ఆవిడ కుర్చీ వెనకే ఉంటున్నాడు.

ఆ ఆట సునంద తయారుచేసిందే. చాలాకాలం కిందట ఇద్దరు స్నేహితులతో కలిసి, ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో కట్టిన చిన్న ఆట. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. తుపాకులూ పరుగుపందాలూ లేవు. మూతపోయిన ఇత్తడి చెంబు ఒకటి, అలిగి కూర్చున్న సామాన్లతో నిండిన ఇల్లొకటి. పేరు పెట్టి పిలిస్తేగానీ ఆ ఇంట్లో ఏదీ కదలదు, ఏ తలుపూ తెరుచుకోదు. కొన్నవాళ్ళు తక్కువే. వాళ్ళలో ఒకావిడ డాక్టర్ రెహానా. విశాఖలో సముద్రం వైపున్న గుట్ట మీద ఆవిడకో ప్రయోగశాల ఉంది. జబ్బు చేసి మాట పడిపోయినవాళ్ళకి మాట తెప్పించే పని చేస్తోంది. సునంద చేత ఉద్యోగం మాన్పించి తన దగ్గర పెట్టుకుంది.

పట్టీ రెహానాది, ఆట సునందది. తలలో ఒక మాట పుట్టి, నోటిదాకా రాకుండా ఎక్కడ ఆగిపోతోందో పట్టీ కనిపెడుతుంది. ఆట వెంటనే ఆ మాటకి తగ్గట్టు గదిని మార్చేసి, దాన్నే పదేపదే పలికిస్తుంది. పలకబోయిన ప్రతిసారీ పట్టీ సన్నగా కరెంటు పంపి, ఆగినచోటికి పక్కనించి కొత్త దారి తీస్తుంది.

ఆ పక్కస్థలంలో అప్పటికే ఏ మాట కాపరముందన్నది మొదట్లో ఎవరికీ పట్టలేదు. అనంతపురం నించి వచ్చి విశాఖలో స్థిరపడిన ఒక పెద్దాయనకి కొబ్బరికాయ అన్న మాట తిరిగొచ్చింది. పుట్టినప్పట్నించీ అంటున్న టెంకాయ పోయింది. “మొత్తానికి ఈ ఊరివాడైపోయారు సార్” అని రెహానా నవ్వింది. ఆయనా నవ్వాడు. సునందా నవ్వింది.

*

పొద్దున్నే కుక్కరు కూస్తోంది. సునంద ఒక చేత్తో స్టవ్ తగ్గించి, ఇంకో చేత్తో భర్త డబ్బాలో కూర సర్దుతోంది. భార్గవ్‌ని షిప్‌యార్డుకి తీసుకెళ్ళే బస్సు సందు చివర హారన్ కొడుతోంది.

భ్రమరాంబ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఇది...” అంది.

“మావయ్యగారికా?” అంది సునంద.

భ్రమరాంబ తలాడించింది. కానీ ముఖం చిట్లించుకుంది. మొదట్లో ‘మీ మావయ్యగారికి’ అనేది. ఈ మధ్య కొన్నాళ్ళు ‘వారికి’ అంది. ఇప్పుడు బాల్కనీ వైపు గడ్డం ఎగరేసి చూపించింది.

“అమ్మా, నాన్నగారు పేపరు తెమ్మన్నారా?” అన్నాడు భార్గవ్ బూట్లు వేసుకుంటూ.

“నా...” అంది భ్రమరాంబ. “నా...” కొడుకు వైపు చూసింది, సాయం చెయ్యమన్నట్టు.

“నాన్నగారు” అన్నాడు వాడు.

ఆ మాట ఎవరిదో అన్నట్టు విని ఊరుకుంది.

భార్గవ్ వెళ్తూ గుమ్మం దగ్గర భార్యని ఆపాడు. “గుమ్మడికాయ అంటోంది, కవ్వం అంటోంది, చిన్నప్పటి ఆటల పేర్లు కూడా అంటోంది. నాన్న ఊసే ఎత్తలేకపోతోందేవిటి?”

“అలిసిపోయి ఉంటారు” అంది సునంద. అని లోపలికొచ్చాక ఆ మాట మీద తనకే నమ్మకం కుదరలేదు. గిన్నెలు సింకులో వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. మళ్ళీ స్ట్రోక్ వస్తోందేమో అనుకుంది.

బాల్కనీలోంచి అత్తగారి గొంతు వినపడింది. “ఏమండీ.”

“ఆఁ” అన్నాడు మామగారు.

సునంద చేతులు తుడుచుకుంది. ఆ ఒక్కటీ ఉంది. ఆస్పత్రిలో ఆవిడకి కళ్ళు తెరిచాక మొదట వచ్చిన మాట అదే. మందుల కోసం వరండాలో నించున్న సోమశేఖరం, ఆ పిలుపు విని చెప్పు ఒకటి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

*

“ఈ గది నువ్వు గీశావా?” అంది రెహానా.

ప్రయోగశాలలో పెద్ద తెర మీద ఒక వరండా కనపడుతోంది. ఎర్రటి గచ్చు. మధ్యలో పడక్కుర్చీ, వీపు ఇటు తిరిగి ఉంది. కుర్చీ అవతల మూసిన తలుపు. చెంబు కుర్చీ వెనక చేరి ఆశగా చిన్న చిన్న గెంతులు వేస్తోంది.

“లేదు. మీరు పెట్టించారేమో అనుకున్నాను” అంది సునంద.

“ఆటే కట్టుకుంది. మీ అత్తగారిలో అన్నిటికంటే గట్టిగా ఆగిపోయిన మాట కోసం కట్టుకుంది. పూర్తి బలంతో పైకి లేస్తోంది, సరిగ్గా పెదవి దగ్గర ఆగిపోతోంది. ఇంత మొండిగా ఆగే మాట నేను ఏ పేషెంటులోనూ చూడలేదు. దారి తియ్యడానికి చుట్టూ తవ్వుతూనే ఉంది పట్టీ. ఈ గదిలో ఆవిడ చాలా మధ్యాహ్నాలు గడిపింది సునందా, నీకు తెలీదా?”

సునందకి తెలీదు. మధ్యాహ్నాలు తను ప్రయోగశాలలో ఉంటుంది. ఇంట్లో అత్తగారి పక్కన కూర్చునేది మామగారు.

“ఏ మాట?”

“సోమశేఖరం. మీ మావయ్యగారి పేరే కదా? మొగుడి పేరు అంతలా ఎలా పోయిందో నాకర్థం కావటంలేదు.”

సునంద నిలబడ్డచోటే స్టూలు కోసం వెతుక్కుని కూర్చుంది.

“పోలేదు మేడమ్. ఎప్పుడూ పలకలేదు. పెళ్ళైనప్పట్నించీ మా అత్తయ్య ఆ పేరు నోటితో అనలేదు. సోమవారం అని కూడా అనదు. ఆదివారం మర్నాడు అంటుంది.”

రెహానా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మా అమ్మా అంతే” అంది. “రేషన్ షాపువాడు ఇంటాయన పేరడిగితే నన్ను ముందుకి తోసేది, నువ్వు చెప్పవే అని. అదంతా చూస్తూ పెరిగినదాన్ని. నాకెందుకు తట్టలేదు?”

జబ్బు ఆపిన మాటకీ, మనిషి తనంతట తాను ఆపుకున్న మాటకీ పట్టీకి తేడా తెలీదు. అది చెడిపోని చోట మరమ్మతు మొదలుపెట్టింది. ఆ పేరుకి చుట్టుపక్కల ఉన్న మాటల్నే తవ్వుకుంటూ పోయింది. పేరుకి బదులుగా ఇన్నేళ్ళూ వాడుకున్న మాటలే కదా దానికి చుట్టుపక్కలుండేవి. మీ మావయ్యగారు. నాన్నగారు. వారు. ఆయన.

“ఆపేద్దాం” అంది సునంద.

“ఆపితే పోయినవి తిరిగి రావు. పేరూ రాదు. ఇంకా తవ్వనిది దానికి ఆనుకుని ఒక్క మాటే మిగిలింది.”

“ఏమండీ.”

“అవును. ఆపితే అది ఉంటుంది. కొనసాగిస్తే పేరు వస్తుంది, అది పోతుంది. రెండూ ఉండే దారి నా దగ్గర లేదు.”

*

ఇంటికొచ్చేసరికి మామగారు బాల్కనీలో తోటకూర ఒలుస్తున్నాడు. అత్తగారు లోపల నిద్రపోతోంది. సునంద చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నించుంది.

“ఆ కుర్చీ గది సంగతి మీరు నాకెందుకు చెప్పలేదు?”

సోమశేఖరం చేతిలో కాడ తుంచుతూ ఆగాడు. “నీకు తెలిసే పెట్టావనుకున్నాను అమ్మాయ్.”

“అనుకోలేదు మీరు.”

“లేదు” అన్నాడు. “అనుకోలేదు. చెబితే తీసేస్తావని భయపడ్డాను.”

సునంద పీట లాక్కుని కూర్చుంది. రెహానా చెప్పిందంతా చెప్పింది. ఏయే మాటలు పోయాయో, ఎందుకు పోయాయో, ఇంక పోబోయేదేదో. ఆయన వింటూ తోటకూర ఆకులు పళ్ళెంలో ఒకదానిమీద ఒకటి పేర్చాడు. అలా పేర్చాల్సిన పనిలేదు.

“మా పెళ్ళయి వచ్చిన రోజు మా అక్క గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది” అన్నాడు. “పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనంది. నీకూ చేశారుగా మా అమ్మాయిలు.”

“చేశారు. నేను మైకులో చెప్పినట్టు చెప్పానని ఇప్పటికీ ఏడిపిస్తారు.” అంటూనే సునంద ఆగింది. పేరు చెబితేగానీ తెరుచుకోని ఇల్లు తనకి ఎక్కణ్ణించి తట్టిందో అప్పుడు తెలిసింది.

“నేను చెప్పాను. తర్వాత మీ అత్తయ్య చెప్పింది. అక్క విన్నానంది, చెయ్యి తీసేసింది. పక్కనే కొంగుముడితో నించున్న నాకు వినపళ్ళేదు. మేళం వాయిస్తున్నారు.”

“తర్వాత అడగలేదా?”

“ఎలా అడుగుతానమ్మా. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పి పంపింది. అడిగితే, నన్ను చంపుకోమని అడిగినట్టుంటుంది.” కాస్త నవ్వాడు. “మధ్యాహ్నం ఆ కుర్చీ ముందు కూర్చుని సో, సో అంటుంటే... నేను దొంగలా వెనక నించుని వింటున్నాను. అంతే. ఇంకో రెండక్షరాలు, ఇంకో రెండక్షరాలు అనుకుంటూ.”

“దానికి ‘ఏమండీ’ పోతుంది మావయ్యగారూ.”

“పోతే ఏం, పేరుంటుందిగా” అన్నాడు ఆయన తొందరగా. అనేసి తల దించుకున్నాడు. “లేదు లేదు. తీసెయ్. ఆ గది తీసెయ్ అమ్మాయ్. నాకేం తోచక అన్నాను.”

*

మర్నాడు సునంద సెలవు పెట్టింది. భోజనాలయ్యాక ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని ఆ గది చెరిపెయ్యడానికి కూర్చుంది. చెంబు ఎప్పట్లాగే కుర్చీ వెనక గెంతుతోంది. చెరిపేస్తే దానికింక మూత దొరకదు, చివరి తలుపు అదే. తను కట్టిన ఆటని తనే కుంటిదాన్ని చేస్తున్నట్టుంది. వేలు పైన పెట్టి తీసింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. మళ్ళీ కూర్చుంది.

ఎడమచెయ్యి ఒకటి వచ్చి తన చేతిని పట్టుకుంది.

“మూత” అంది భ్రమరాంబ.

“అత్తయ్యా, ఈ గది వద్దు. పాతవి ఆడుకోండి. గుమ్మడికాయ దగ్గరకెళ్దాం.”

“మూత” అంది మళ్ళీ, పిల్లలు అన్నం సగంలో లేస్తే అనే గొంతుతో. పట్టీ అందుకుంది. ఒంటిచేత్తో తలకి పెట్టుకుంటుంటే జారింది. మళ్ళీ పెట్టుకుంది.

ఇన్నాళ్ళూ ఆవిడ గురించి ఆవిడ వెనక మాట్లాడుకున్నారే తప్ప ఎదురుగా ఎవరూ ఏమీ చెప్పలేదని సునందకి అప్పుడు తట్టింది. ముఖం వేడెక్కింది. ట్యాబ్ పక్కన పెట్టి అత్తగారి ఎదురుగా నేలమీద కూర్చుంది.

“వినండి అత్తయ్యా. ఈ కుర్చీ తిరగాలంటే మావయ్యగారి పేరు చెప్పాలి. మీకు తెలుసు కదా.”

భ్రమరాంబ తలాడించింది.

“మా యంత్రం తప్పు చేసింది. మీకు ఆ పేరు ఇవ్వాలని మిగతా మాటలు తీసేసింది. ఇంక ‘ఏమండీ’ ఒక్కటే ఉంది. మీరు పేరు చెప్పేస్తే అదీ పోతుంది. మళ్ళీ రాదు. అర్థమైందా?”

భ్రమరాంబ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత గుమ్మంలో నించున్న భర్త వైపు చూసింది.

“వద్దే” అన్నాడు సోమశేఖరం. “నాకేం వద్దు. ఇలాగే బావుంది.”

ఆవిడ అరచెయ్యి కొంచెం ఎత్తి, ఉండమన్నట్టు ఊపింది.

“ఏమండీ” అంది.

“ఆఁ” అన్నాడు ఆయన.

ఆవిడ విని, సరే అన్నట్టు తలాడించి, తెర వైపు తిరిగింది.

సునంద ట్యాబ్ లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదన్న ప్రశ్న ఆ తర్వాత ఎన్నో రోజులు ఆమెని బస్సులో, వంటింట్లో, నిద్రపట్టని పక్కమీద పట్టుకుని ఊపింది.

“సో...” అంది భ్రమరాంబ. నుదుటి మీద చెమట పోసింది. “సోమ...” ఆగింది. ఎడమచేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళని నలిపాయి. పట్టీ సన్నగా గుయ్‌మంది. “సోమశే... సోమశేఖరం.”

స్పష్టంగా, తప్పు లేకుండా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అంది.

కుర్చీ మెల్లగా తిరిగింది. అందులో మనిషి లేడు. పడక్కుర్చీ గుడ్డలో గుంటపడ్డచోట ఇత్తడి మూత ఒకటి వెచ్చగా ఎండలో పడుంది. చెంబు నాలుగు గెంతుల్లో పైకెక్కి దాన్ని నెత్తిన పెట్టుకుంది. కుర్చీ వెనకున్న తలుపు తెరుచుకుంది. ఆట అయిపోయింది.

భ్రమరాంబ తొడమీద చరిచి నవ్వింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు గాభరాగా లేచి, కాలీడ్చుకుంటూ వెళ్ళి భర్త గుండె మీద చెయ్యి ఆనించింది. గుండె కొట్టుకుంటోందో లేదో చూసుకుంది. కొట్టుకుంటూనే ఉంది. అయినా చెయ్యి తియ్యలేదు.

ఆయన ఆ చెయ్యిమీద తన చెయ్యి వేసి, కోడలి వైపు చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“నాకోసం కాదమ్మాయ్” అన్నాడు. “ఆ చెంబు కోసం. పని సగంలో వదలడం మీ అత్తయ్యకి చేతకాదు.”

*

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో నవ్వులే. పక్క ఫ్లాటువాళ్ళు కూర్చుని ఉండగా వంటింట్లోంచి “సోమశేఖరం” అని ఖంగున వినపడేది. వాళ్ళు ముఖముఖాలు చూసుకునేవారు. “హాజరు” అనేవాడు ఆయన, కోర్టులో కక్షిదారులా లేచి. అందరూ నవ్వేవారు.

క్రమంగా ఆయన నవ్వడం తగ్గింది. ఆవిడ పిలిచినా ఒక్కోసారి పలికేవాడు కాదు. సునంద వెళ్ళి భుజం తట్టి, “అత్తయ్య పిలుస్తున్నారు” అనేది.

“నన్నా?” అనేవాడు. “ఈ ఇంట్లో ఆ పేరుతో నన్నెవరూ పిలవరుగా, ఎవరినో అనుకున్నాను.”

ఒకరోజు తనే భార్యని వెంటబెట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. “ఆ ఆటలో ఇంకో గది కట్టలేవా తల్లీ?” అని సునందని అడిగాడు. “పాత పిలుపు కోసం. నేను తిండీ నిద్రా మాని కూర్చోబెడతాను.”

రెహానా పట్టీ పెట్టి చూసింది. సునందా చూసింది. భ్రమరాంబని భర్త వైపు చూడమన్నారు, పిలవమన్నారు. పట్టీలో ఒక్క పేరే లేచింది, నేరుగా నోటికి వచ్చేసింది. దాని పక్కన ఎక్కడా ఏదీ కదల్లేదు.

“ఆగిపోయిన మాటైతే వెతకొచ్చు మావయ్యగారూ” అంది సునంద. “అది ఆగలేదు. లేదు.”

ఆయన చొక్కా జేబులో పెన్ను ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

రెహానా ప్రయోగం ఆపేసింది. మళ్ళీ మొదలుపెడితే, పట్టీ కట్టకముందే ప్రతి ఇంట్లోనూ మీరు ఎవరి పేరు పలకరు అని అడగాలంది. సునంద సరేనంది. కానీ ఏ ఇంట్లో ఏ మాట చుట్టూ ఏమేం అల్లుకుని ఉన్నాయో అన్నీ అడిగి తెలుసుకోవడం ఎవరివల్ల అవుతుందో ఆమెకి తెలియలేదు. తన ఇంట్లోనే తెలియలేదు.

ఒక సాయంత్రం సునంద పిండి కలుపుతోంది. భ్రమరాంబ స్టవ్ దగ్గర కుర్చీలో కూర్చుని పాలు పొంగకుండా చూస్తోంది. బాల్కనీలోంచి మామగారి గొంతు వినపడింది.

“ఏమండీ.”

కింద ఎవరినో పిలుస్తున్నాడనుకుంది సునంద.

“ఏమండీ, మిమ్మల్నే. ఒకసారి ఇలా వస్తారా?”

అత్తగారు కదల్లేదు. పాల వైపే చూస్తోంది. ఆ మాట ఆవిడకి ఏ మాత్రమూ తగిలినట్టు లేదు. కాసేపాగి ఆయనే వచ్చి, భార్య ఎదురుగా వంగి, మళ్ళీ అన్నాడు. “ఏమండీ. మీరే.”

ఆ రోజు ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆయన మానలేదు. మర్నాడూ పిలిచాడు, పొద్దున్న కాఫీకి, సాయంత్రం దీపం వెయ్యడానికి, ఊరికే. మీరు అంటూ, రండి అంటూ, కొత్తగా కాపరానికొచ్చిన మనిషిలా మర్యాదగా. భార్గవ్‌కి మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. సునంద మాత్రం ఆ పిలుపు వినపడ్డ ప్రతిసారీ చేస్తున్న పని వదిలేసి అత్తగారి ముఖం చూసేది.

చింతపండు నానబోసిన ఒక మధ్యాహ్నం బాల్కనీలోంచి మళ్ళీ “ఏమండీ” అని వినపడింది.

భ్రమరాంబ తలెత్తింది. వంటింట్లో ఇటూ అటూ చూసింది. సునందని చూసి, కాదు నువ్వు కాదన్నట్టు తల తిప్పి, తన గుండె మీద వేలు పెట్టుకుంది. ఎడమచేత్తో స్టవ్ మంట తగ్గించి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ లేచింది.

“ఆఁ” అంది. “వస్తున్నా సోమశేఖరం.”